శోకానికి ఇజాజత్

ఎల్లారెడ్డి
బహుధాన్య, శ్రావణ బహుళ విదియ

అన్నకు,

అనసూయ దండం పెట్టి రాసేది. మేమందరం బాగున్నాం. వదిన మోకాలు ఎట్లా ఉంది? ఆముదం కాచి రాయమని చెప్పాను, రాసిందో లేదో!

నువ్వు నేర్పిన పుస్తకాల తెలుగులోనే రాస్తున్నాను. పోయిన ఉత్తరంలో ఏడు తప్పులు దిద్ది పంపావు. రోజంతా కచేరీలో మనవాళ్ల గోడు ఉర్దూలోకి తర్జుమా చేసే కొలువు చాలదా నీకు, చెల్లెలి ఉత్తరం కూడా దిద్దాలా? ఈసారి తప్పులు చూడకు. మనసు బాగాలేక రాస్తున్నాను.

మా ఇంట్లో జీతముండే బాలయ్య నీకు తెలుసు. నువ్వు వచ్చినప్పుడు తాటి ముంజలు కొట్టి తెచ్చి, "సారు పండ్లు కదిలినట్టున్నయి, మెత్తయి ఏరిన" అని నిన్ను ఎగతాళి చేశాడు. అతను పోయాడు అన్నా. హైదరాబాదు నుంచి ఎవరో పెద్దమనిషి వేటకు వచ్చి పోచారం దగ్గర డేరాలు వేయించాడు. సామాను మోసేందుకు వెట్టికి మనుషులు కావాలని పోలీసు అమీను కబురు పెడితే బాలయ్య పోయాడు. అప్పటికే మూడు రోజుల చలిజ్వరం. దారిలో మోపు దింపి నీళ్లు తాగుతానంటే అమీను మూతి మీద కొట్టాడట. ఇంకో కోసు నడిచి వాగు దగ్గర పడ్డాడు, మళ్లీ లేవలేదు. మర్నాడు బండి మీద తెచ్చి గుడిసె ముందు దింపారు.

నేను వాడకట్టు చివర నిలబడి చూశాను. మీ బావ పోలీసు పటేలు అయినప్పటి నుంచి నేను అడుగుపెట్టకూడని ఇండ్లు ఎక్కువైనాయి. బాలయ్య భార్య పోచవ్వ తన అత్త ఎంకవ్వ మెడ పట్టుకొని శోకం పెట్టింది. విను:

జరమొచ్చిన పెయ్యి మీద డేరాల మోపు పెట్టిరి నా రాజ,
మోపు దింపి నీళ్లడిగితె మూతి మీద కొట్టిరి నా రాజ,
అమీను గుర్రానికి గడ్డి దొరికె, నీకు గటక దొరకకపాయె,
గుర్రానికి నీడ దొరికె, నీకు చెట్టు దొరకకపాయె,
నిన్ను కొట్టినోని పొయ్యి మండకుండ పోను,
వాని ఇంట్ల నా అసుంటి ఏడుపు లేవను నా రాజ.

ఇంకా ఉంది కానీ జ్ఞాపకం లేదు. అరవై మంది ఉన్నారు అక్కడ. ఒక్కరు కూడా నోరు మూయమనలేదు. శోకం పెట్టేదాన్ని ఎవరూ ఆపరాదు, అది మా ఊరి కట్టుబాటు. ఆ పూట ఆమె దేవుణ్ణయినా తిట్టొచ్చు. కానీ ఆ మాటలు చావింటి గడప దాటరాదు. బతికి ఉన్న ఇంట్లో మళ్లీ ఎవరైనా అంటే ఆ ఇంటికి చావు నడిచొస్తుందని ముసలివాళ్లు చెబుతారు. నేను ఇంటికి వచ్చి తలుపు వేసుకొని రాశాను. తప్పే. అంత మాట గాలికి పోతుంటే నా చెయ్యి ఊరుకోలేదు. నీకు తప్ప ఎవరికీ చూపను.

నీ చెల్లె
అనసూయ


కామారెడ్డి
1938 ఆగస్టు 21

చిరంజీవి సౌభాగ్యవతి అనసూయకు,

నారాయణ ఆశీస్సులు. మీ వదిన ఆముదం రాయలేదు. రాయదు కూడా. నేను చెబితే అసలే రాయదు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒక్క తప్పు దిద్దలేదు. బాలయ్య ముంజల మాట దగ్గర నవ్వబోయి ఏడ్చాను. ఆ తరువాత ఉత్తరాన్ని పొయ్యిలో వేసి కాల్చేశాను. కోప్పడకు. అక్కడ ఇంట్లో ఉన్నదానివి, నీకు తెలియని సంగతులు ఉన్నాయి.

మన రాజ్యంలో పదిమంది ఒకచోట కూడి ఒకరు మాట్లాడాలంటే ముందు అర్జీ పెట్టుకోవాలి. ఏం మాట్లాడేది రాసివ్వాలి. సర్కారు ఇజాజత్ ఇస్తే మాట్లాడాలి, ఇవ్వకపోతే ఇంటికి పోయి పడుకోవాలి. మొన్న గ్రంథాలయం కుర్రవాళ్లు పుస్తకాలు చదవడం మంచిదని చెప్పుకోవడానికి సభ పెడతామని అర్జీ ఇచ్చారు. తర్జుమా చేసింది నేనే. ఇజాజత్ రాలేదు. పుస్తకం మంచిదనడానికే రాకపోతే, అమీను చెడ్డవాడనడానికి వస్తుందా?

చిన్నప్పటి నుంచి నీకు ఒకటే చెబుతున్నాను. మనసు ఎవడి జాగీరూ కాదు. నువ్వు పోచమ్మకు మొక్కు, మల్లన్నకు మొక్కు, ఎవరికీ మొక్కకుండా కూర్చో, అడిగేవాడు లేడు. అమీను పాపాత్ముడని పొద్దస్తమానం నమ్ము, ఎవడొచ్చి నీ నమ్మకాన్ని జప్తు చేస్తాడు? కానీ నమ్మినదాన్ని నోరు తెరిచి నలుగురిలో అన్నావా, అక్కడి నుంచి లెక్క వేరు. నేను పదహారేండ్లుగా ఈ కొలువు చేస్తున్నానంటే ఈ రెంటికీ మధ్య గోడ తెలిసినందువల్లనే. నా మనసులో ఏముందో కచేరీలో ఒక్కనికీ తెలియదు. అందుకే సుఖంగా అన్నం తింటున్నాను.

పోచవ్వ అన్నది చావింట్లో కనుక బతికిపోయింది. నువ్వు ఇంక ఆ మాటలు రాయకు. బావను అడిగినట్టు చెప్పు.

నారాయణ


ఎల్లారెడ్డి
బహుధాన్య, భాద్రపద శుద్ధ దశమి

అన్నకు,

ఈ ఉత్తరం టప్పాలో వేయడం లేదు. కామారెడ్డి మార్కెట్టుకు జొన్నలు తోలే హన్మండ్లు బండిలో, మూటల మధ్య పెట్టి పంపుతున్నాను.

పోచవ్వను పట్టుకుపోయారు. ఇద్దరు సిపాయిలు వచ్చి, కలుపు తీస్తున్నదాన్ని చేన్లోంచి లేపి, కామారెడ్డి దాకా నడిపించుకుపోయారు. ఇజాజత్ లేకుండా అరవై మందిని కూడేసి సర్కారు నౌకరు మీద చెడ్డ మాటలు చెప్పిందట! అది సభ అట. శవాన్ని మధ్యలో పెట్టుకొని సభ చేశారా అన్నా వాళ్లు?

అంతకుముందు ఊరందరినీ చావడి ముందు నిలబెట్టి అమీను అడిగాడు. ఒక్కరు చెప్పలేదు. హన్మండ్లు అయితే, "ఏడ్సింది సారూ. ఏడ్సుడు అందరిది ఒక్క తీర్గనే ఉంటది, మా ఇంట్ల ఏడ్సినా గంతే, మీ ఇంట్ల ఏడ్సినా గంతే" అన్నాడు. రెండు దెబ్బలు తిన్నాడు. ఇంకెవరి నోరూ లేవలేదు. సాక్షి లేడు కదా, వదిలేస్తారులే అనుకున్నాం. వారం తిరగకుండానే అమీను ఒక్కొక్క మాటా వరుసగా చెప్పాడు. గుర్రం గడ్డి, చెట్టు నీడ, అన్నీ.

ఈ ఊరి ఆడవాళ్లలో రాత వచ్చినది నేనొక్కతెనే. నువ్వు కాల్చావు. మరి టప్పాలో విప్పి నకలు రాసుకొని, మళ్లీ అతికించి నీకు పంపారా? చెప్పు.

ఎంకవ్వకు కండ్లు సరిగ్గా కనబడవు. కొడుకు పాయె, కోడలిని తీసుకుపోయిరి. గంజి పంపుతున్నాను. మీ బావ చూసీ చూడనట్టు ఉన్నాడు, అదొక్కటే మేలు.

తీర్పు చెప్పే హాకిం కామారెడ్డిలోనే మకాం వేసి విచారిస్తాడట. తర్జుమాకు నువ్వే కదా ఉండేది. ఆమె మాట నీ నోట్లోంచే ఆయన చెవికి పోవాలి. నేను చేసిన తప్పుకు ఆమెను బలిపెట్టకు అన్నా. ఎట్లయినా ఇంటికి పంపు.

అనసూయ


కామారెడ్డి
1938 సెప్టెంబర్ 14

చి. సౌ. అనసూయకు,

శుభవార్త ముందు చెబుతాను. పోచవ్వను వదిలేశారు. ఈ ఉత్తరం తెచ్చే హన్మండ్లు బండిలోనే ఆమె వస్తున్నది.

విచారణ ఎంతోసేపు జరగలేదు. హాకిం ఒక కాగితం నా చేతికిచ్చి ఉర్దూలో చెప్పమన్నాడు. చెప్పాను. ఈ మాటలు అన్నావా అని ఆమెను అడగమన్నాడు. అడిగాను. అడుగుతూ, వాళ్లకు తెలియకుండా మెల్లగా, "అనలేదని చెప్పవ్వా. మనసులో ఏమన్నా ఉండనీ, దాన్ని ఎవరూ అడగరు" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"అనకుంటె ఎవలన్నరు సారూ? నా పెనిమిటి సచ్చిండు, నేనే అన్న. ఆయన నోరు తెరిచి నీళ్లడిగిండు, కొట్టిరి. నేను నోరు తెరిచి ఏడ్సిన, గుంజుకొచ్చిరి. గిప్పుడు నువ్వు నోరు తెరిచి అబద్ధమాడుమంటున్నవు. లోపలున్నది లోపల్నే పెట్టుకొని కూసుంటె, అది నాదెట్లయితది? అమీనుదయితది గని" అన్నది.

ఏం చెబుతోంది అన్నాడు హాకిం. "దుఃఖంలో మతి తప్పి ఏమన్నానో నాకు తెలియదు, క్షమించండి అంటున్నది హుజూర్" అన్నాను. పదహారేండ్లలో నేను తప్పుడు తర్జుమా చేయడం ఇదే మొదలు. ఆమెకు ఉర్దూ రాదు కనుక బతికింది. హాకిం మెత్తబడి ముచ్చెల్క, అంటే హామీ కాగితం, రాయించుకొని వదిలేశాడు. ఇక మీదట నలుగురు కూడిన చోట ఏడుపు గాని పాట గాని నోట్లోంచి రానివ్వనని, వస్తే ఏడాది ఖైదుకు ఒప్పుకుంటానని. సిరాలో ఆమె వేలు పెట్టించి, నేనే పట్టుకొని అద్దించాను. ఆమె వద్దనలేదు. చదివి వినిపించాక మాత్రం ఒక్క మాట అడిగింది: "మా అత్త ముసల్ది సారూ, రేపు ఆమె పోతె?" అప్పటికి చూద్దాంలే అన్నాను.

ఆ మాటలు అమీనుకు ఎట్లా చేరాయో నాకు తెలియదు. టప్పాలో విప్పి ఉండవచ్చు. ఇప్పుడు తవ్వితే ఏం లాభం? పని అయిపోయింది. ఆమె ఇంట్లో ఆమె ఉంది, నీ ఇంట్లో నువ్వున్నావు.

నారాయణ


ఎల్లారెడ్డి
బహుధాన్య, ఆశ్వయుజ శుద్ధ ఏకాదశి

అన్నకు,

బతుకమ్మ పండుగ అయింది. తొమ్మిది రోజులు నేను పూలు పేర్చుకొని పోయాను. నేను పోగానే పాట ఆగేది. నన్ను పొమ్మనడానికి వాళ్లకు ధైర్యం చాలదు, పటేలు పెండ్లాన్ని కదా. చప్పట్లు కొడుతూ ఊరికే తిరిగేవాళ్లు. ఆఖరి రోజు ఒక ముసలామె నా చెవిలో, "నీ ముంగట ఎవ్వలు పాడరు బిడ్డా. నువ్వు రాస్తవు" అన్నది. సద్దులు తినకుండానే ఇంటికి వచ్చాను.

మీ బావ విచారణ నాడు కచేరీలో ఉన్నాడు, నీకు గుర్తుండే ఉంటుంది. నిన్న అన్నం తింటూ తనంతట తనే అన్నాడు. హాకిం చేతిలో ఉన్నది నకలు కాదట. నీలం గీతల కాగితమట. అడుగున నాలుగు వేళ్ల మేర చింపేసి ఉందట.

నీలం గీతల కాగితాలు నాకు పంపింది నువ్వే. నాలుగు వేళ్ల మేర అడుగున నేను నా పేరు రాస్తాను.

నువ్వు కాల్చానన్నావు.

అనసూయ


కామారెడ్డి
1938 అక్టోబర్ 15

అనసూయా,

కాల్చలేదు. కాల్చడానికి పొయ్యి దగ్గరికి పోయాను, చెయ్యి రాలేదు. కాల్చానని రాస్తే నువ్వు జాగ్రత్తగా ఉంటావని రాశాను. ఉత్తరం అంగీ జేబులోనే పెట్టుకొని తిరిగాను.

ఒక మధ్యాహ్నం కచేరీ వెనుక అన్నం మూటలు విప్పుకొని కూర్చున్నప్పుడు, నా పక్క బల్ల గుమాస్తాకు చదివి వినిపించాను. దేనికో తెలుసా? గర్వం. మా చెల్లె రాత చూడు, నేను నేర్పిందే అని. అతను కండ్లు తుడుచుకున్నాడు కూడా. మూడో రోజు అమీను వచ్చి నా బల్ల ముందు నిలబడి చెయ్యి చాచాడు. "పటేలు ఇంటి ఆడమనిషి పేరు కచేరీకి ఎందుకు ఎక్కాలి? పేరు లేని కాగితం ఇచ్చినా నాకు చాలు" అన్నాడు. అరవకుండా, మర్యాదగానే అన్నాడు. నేను గోడ వైపు తిరిగి, శోకం ఉన్న ఆఖరి కాగితం నుంచి నీ పేరు చింపి, ఆ ఒక్కటి ఇచ్చాను. చింపిన ముక్క ఇంకా నా దగ్గర ఉంది.

నిన్ను కాపాడాననుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను. పోచవ్వను కూడా నా నోటితోనే కాపాడాను కదా, ఖైదు తప్పించాను కదా అని మీ వదినతో అంటే, ఆమె లేచి లోపలికి పోయింది.

మనసు ఎవడి జాగీరూ కాదని నీకు రాశాను. ఆ రోజు అమీను నిలబడ్డప్పుడు నా మనసులో అన్నీ ఉన్నాయి. బాలయ్య ఉన్నాడు, నీళ్లు ఉన్నాయి, నువ్వు ఉన్నావు. వాడు పాపాత్ముడని నిండా నమ్ముతున్నాను. నమ్ముతూనే కాగితం ఇచ్చాను. అటువంటి నమ్మకం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే అని నిద్ర పట్టక అనుకుంటున్నాను. నేను చెప్పిన గోడ ఉంది చూడు, దాని లోపల నేనొక్కణ్ణే ఉన్నాను. గాలి ఆడడం లేదు.

తిట్టయినా తిట్టు. ఉత్తరం మాత్రం రాయి.

నారాయణ


ఎల్లారెడ్డి
బహుధాన్య, మార్గశిర శుద్ధ విదియ

అన్నా,

ఈ ఉత్తరం నేను మాట్లాడినట్టే రాస్తున్న. దిద్దకు.

ఎంకవ్వ సచ్చిపోయింది. చలికి ముడుసుకొని, పొద్దుగాల లేపితె లేవలే. పోచవ్వ అత్త తల ఒళ్లె పెట్టుకొని కూసున్నది. నోట్లె కొంగు కుక్కుకున్నది. వాడకట్టు మొదట్ల సిపాయి నిలబడ్డడు. ఆడోళ్లందరు వచ్చిండ్రు గని ఒక్కతె గూడ గొంతు తియ్యలే. మేం గూడ వేలు పెట్టాల్నేమో అని భయం. పొద్దు నెత్తి మీదికొచ్చింది. పాడె కట్టిండ్రు. శోకం లేకుండ పీనుగ లేసుడు ఈ ఊర్ల ఎన్నడు లేదు. ఎవ్వరు లేని కుక్కను ఈడ్సినట్టు ఈడుస్తరా ఆమెను?

నేను వాడకట్టు చివర్ల నిలబడి చూస్తున్న. నాకు నువ్వు యాదికొచ్చినవు. నీ కంటె ముందు నేను యాదికొచ్చిన.

నువ్వు నా పేరు చింపినవని రెండు నెలలు నీ మీద మండిపడ్డ. నేను గూడ చింపిన అన్నా. వెట్టికి బాలయ్య పోయిండని నీకు రాసిన. పోలే. పంపిండ్రు. పంపింది మా ఇంటాయన. "జరమున్నది పటేలా, ఇయ్యాల్టికి ఇడిసిపెట్టు" అని బాలయ్య మా గడప ముంగట చేతులు జోడించిండు. "మనిషి తక్కువైతె అమీను నన్ను తంతడు, నడువ్" అన్నడు ఈయన. నేను తలుపు యెనుక నిలబడి అంత విన్న. పాపమని నమ్మిన. నోరు తెరవలే. పోచవ్వ శోకంల ఆ మాట గూడ ఉండె. జ్ఞాపకం లేదని నీకు రాసిన గని, ఎట్ల మరుస్త? నా ఇల్లు గదా అని ఇడిసిపెట్టిన. నువ్వు నేర్పిన గోడనే.

పోయిన. వాడకట్టంత చూస్తుండంగ ఆ గుడిసెలకు పోయి, పోచవ్వ మెడ పట్టుకొని శోకం పెట్టిన. ఎంకవ్వ పేరు మీద మొదలుపెట్టి, బాలయ్య కాడికి వచ్చి, ఆ రోజు ఆమె అన్నదంత అన్న. జరమన్న, మోపన్న, గుర్రమన్న. ఇడిసిపెట్టింది గూడ అన్న:

జరమున్నోన్ని పంపిన పటేలు గడపల కుక్క పండుకోను నా రాజ,
ఆ గడప యెనుక నిలబడి విన్నదాని గొంతు పుండై పోను.

రెండోది పోచవ్వది గాదు, నాది.

పోచవ్వ నా మూతికి చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు పటేలమ్మా, ఇల్లున్నదానివి, నీ ఇంటికి తగులుతది" అన్నది. తగిలేది తగలనీ అని చెయ్యి తీసేసిన. అప్పుడు యెనుక నుంచి ఒకామె అందుకున్నది, ఇంకొకామె అందుకున్నది. పోచవ్వ మాత్రం మాట అనలే. కొంగు తీసి ఊరికే నోరు తెరిచి కూసున్నది. ఎంకవ్వను మంచిగ సాగనంపినం.

రాత్రి ఈయన తిండి తినలే. ఊర్ల జరిగింది కచేరీకి రాసుడు పటేలు కొలువు గదా. సిపాయి ఎట్లనన్న చెప్తడు, రాయకపోతె ఈయననే పట్టుకపోతరు. కాయితం ముంగట పెట్టుకొని, "ఏమన్నవే?" అని నన్నే అడిగిండు. ఒక్కొక్క మాట చెప్పిన, రాసిండు. పటేలు మాట కాడ కలం ఆగింది. "గిది గూడనా?" అన్నడు. "అది లేకుంటె అబద్ధం రాసినట్టయితది" అన్న. దీపం ఒత్తి ఎగదోసిండు. రాసిండు.

ఇంకో రెండు మూడు రోజులల్ల నన్ను కామారెడ్డికి తోలుకొస్తరు. ఆ కాయితం నా కంటె ముందే నీ బల్ల మీదికి వస్తది. హాకిం నన్ను అడుగుమంటడు, నువ్వు అడుగుతవు. నేను అన్న అనే చెప్త. మెల్లగ నా చెవుల ఏం చెప్పకు.

కింద నా పేరు రాయించిన. చింపకు. అన్నది అన్నట్టు తర్జుమా చెయ్యి.

అనసూయ